గ్రామీణ పురుషుల్లో వయోజన అక్షరాస్యత: సగటు చాటున మిగిలినవారు

జంషెడ్‌పూర్: టెల్కో కాలనీకి చేరువలో ఉన్న గోవింద్‌పూర్ జనగణన రికార్డుల్లో పట్టణం, పరిపాలనలో గ్రామం. జార్ఖండ్‌లోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లా, గోల్‌మురి-కమ్-జుగ్‌సలాయి బ్లాకు పరిధిలోని ఈ ప్రాంతంలో పాలన పంచాయతీలదే. ఇక్కడి తాగునీటి పథకం పేరులోనూ 'గ్రామీణ' అన్న మాటే ఉంది. జనగణన శాఖ మాత్రం ఛోటా గోవింద్‌పూర్‌ను 'జనగణన పట్టణం' కింద లెక్కిస్తోంది.

ఒక గ్రామం జనగణన పట్టణంగా మారాలంటే మూడు షరతులు నెరవేరాలి. జనాభా కనీసం 5,000 ఉండాలి. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది నివసించాలి. ప్రధాన వృత్తిలో ఉన్న పురుషుల్లో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనులు చేస్తుండాలి. చివరి షరతు పురుషుల పనికే పరిమితం. వారు కర్మాగారం గేటు దాటి లోపలికి వెళ్లేవారైతే ఊరు పట్టణమవుతుంది. వారికి చదవడం, రాయడం వచ్చా అన్నదానితో ఈ నిర్ణయానికి సంబంధం లేదు. ఈ నిబంధన ప్రకారం దేశంలో 2001లో 1,362గా ఉన్న జనగణన పట్టణాల సంఖ్య 2011 నాటికి సుమారు 3,900కు చేరింది.

గ్రామీణ పురుషుల అక్షరాస్యతను అర్థం చేసుకోవడానికి గోవింద్‌పూర్ వంటి ఊళ్లు మంచి ఆరంభ స్థానం. ఇటువంటి ఊరు పట్టణ జాబితాలోకి మారినప్పుడు అక్కడి నిరక్షరాస్యుడు కూడా గ్రామీణ గణాంకాల నుంచి తప్పుకుంటాడు. గ్రామంలోనే ఉండిపోయినవాడు, స్త్రీల కంటే పురుషుల అక్షరాస్యత ఎక్కువన్న సగటు వెనుక కనిపించకుండా పోతాడు. పని కోసం దూరప్రాంతాలకు వెళ్లినవాడికి రాత్రి బడి అందదు. మహిళల నిరక్షరాస్యత పెద్ద సమస్య అనడంలో సందేహం లేదు. అయితే దాని పక్కనే, అంతగా చర్చకు రాని మరో సమస్య ఉంది.

అక్షరాస్యుడు అంటే ఎవరు?

భారత జనగణన నిర్వచనం ప్రకారం ఏడేళ్లు, అంతకు పైబడిన వయసు కలిగి, ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగిన వ్యక్తి అక్షరాస్యుడు. చదవడం మాత్రమే వచ్చి రాయడం రానివారు ఈ లెక్కలోకి రారు. బడికి వెళ్లి ఉండాలన్న నియమం లేదు, పరీక్ష ఉత్తీర్ణత అవసరం లేదు. 1991 నుంచి ఏడేళ్లలోపు పిల్లలందరినీ నిరక్షరాస్యులుగానే పరిగణిస్తూ, అక్షరాస్యత శాతాన్ని ఏడేళ్లు, ఆపై వయసు జనాభా ఆధారంగా గణిస్తున్నారు.

వయోజన అక్షరాస్యత దీనికి భిన్నమైన కొలమానం. ఇందులో 15 ఏళ్లు, ఆపై వయసువారిని మాత్రమే లెక్కిస్తారు. బడి ఈడు పిల్లల్లో దాదాపు అందరూ చదువుకుంటున్నందున ఏడేళ్ల ప్రాతిపదికన వచ్చే శాతం కొంత ఎక్కువగా కనిపిస్తుంది. 2011 జనగణన ప్రకారం ఏడేళ్లు దాటినవారిలో అక్షరాస్యత 72.98 శాతం కాగా, 15 ఏళ్లు దాటినవారిలో అది 69.3 శాతం. వయోజన పురుషుల్లో 78.8 శాతం, మహిళల్లో 59.3 శాతం మంది అక్షరాస్యులు.

ఈ అంకెలను చదివేటప్పుడు వాటిని సేకరించే పద్ధతిని గుర్తుంచుకోవాలి. గణకుడు ఇంటికి వచ్చినప్పుడు ఎవరికీ పుస్తకం ఇచ్చి చదివించడు. కుటుంబంలో ఒకరు అందరి తరఫునా చెప్పిన సమాధానాన్నే నమోదు చేసుకుంటాడు. చాలా ఇళ్లలో ఆ సమాధానం చెప్పేది ఇంటి యజమాని. సంతకం గీయడం మాత్రమే నేర్చుకున్న మనిషి, చిన్ననాడు రెండో తరగతితో బడి మానేసి ఇప్పుడు బస్సు బోర్డు కూడా కూడబలుక్కునే మనిషి, 'చదువు వచ్చా' అన్న ప్రశ్నకు కుటుంబ సభ్యుల ఎదుట 'రాదు' అని చెప్పడం అంత తేలిక కాదు. తెలుగులో 'వేలిముద్రగాడు' అన్న మాట ఎంత పెద్ద తిట్టో తెలిసినవారికి ఈ ఇబ్బంది వివరించనక్కరలేదు.

అంకెలు చెప్పే విషయం

స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది కాలానికి, 1951లో, దేశ అక్షరాస్యత 18.33 శాతం. పురుషుల్లో 27.16 శాతం, మహిళల్లో 8.86 శాతం. 1981లో పురుషుల అక్షరాస్యత 56.38 శాతానికి, 2001లో 75.26 శాతానికి, 2011లో 80.89 శాతానికి పెరిగింది. ఆరు దశాబ్దాల్లో దాదాపు మూడు రెట్లు కావడం చిన్న విజయమేమీ కాదు.

2011 అంకెలను గ్రామం, పట్టణం వారీగా విడదీసినప్పుడు మరో చిత్రం కనిపిస్తుంది. గ్రామీణ పురుషుల్లో అక్షరాస్యత 77.15 శాతం కాగా, పట్టణ పురుషుల్లో 88.76 శాతం. పట్టణ మహిళల్లో అది 79.11 శాతం. అంటే ఆ ఏడాది పట్టణ మహిళల కంటే గ్రామీణ పురుషులు వెనుకబడి ఉన్నారు. గ్రామీణ మహిళల పరిస్థితి అన్నిటికంటే దయనీయం: 57.93 శాతం. దేశంలో అక్షరానికి ఉన్న అడ్డుగోడ లింగభేదం ఒక్కటే కాదని, ఊరు కూడా అంతే బలమైన అడ్డుగోడ అని ఈ నాలుగు అంకెలూ తెలియజేస్తున్నాయి.

సంఖ్యల్లో చూస్తే, 2011లో 15 ఏళ్లు దాటిన నిరక్షరాస్యులు 25.76 కోట్ల మంది. వారిలో మహిళలు 16.68 కోట్లు, పురుషులు 9.08 కోట్లు. ప్రతి ముగ్గురు వయోజన నిరక్షరాస్యుల్లో ఒకరికి మించి పురుషులే ఉన్నారు.

ఆ తర్వాత పరిస్థితి కొంత మెరుగైంది. 2023-24 ఆవర్తన శ్రామిక శక్తి సర్వే ప్రకారం ఏడేళ్లు దాటినవారిలో గ్రామీణ అక్షరాస్యత 77.5 శాతానికి చేరింది. గ్రామీణ పురుషుల్లో 84.7 శాతం, గ్రామీణ మహిళల్లో 70.4 శాతం. పుష్కర కాలంలో మహిళలు 12 శాతానికి పైగా ముందుకు రాగా, పురుషులు ఏడున్నర శాతం మాత్రమే ముందుకు కదిలారు. అంతరం తగ్గడం హర్షణీయమే. అయితే ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం బడికి వెళ్లిన కొత్త తరం వయసుకు రావడం వల్ల వచ్చేదే. నలభై, యాభై ఏళ్ల వయసులో ఉన్న వ్యక్తి కొత్తగా చదువు నేర్చుకుంటే తప్ప అతని స్థితి మారదు.

సింగ్‌భూమ్, సిక్కోలు

జార్ఖండ్‌ను వెనుకబడిన రాష్ట్రంగా భావించడం తెలుగు పాఠకులకు అలవాటు. 2011 జనగణనలో ఆ రాష్ట్ర అక్షరాస్యత 66.41 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 67.02 శాతం. రెండింటి మధ్య వ్యత్యాసం ఒక్క శాతం కూడా లేదు. పురుషులను మాత్రమే తీసుకుంటే జార్ఖండే ముందుంది. అక్కడ 76.84 శాతం మంది పురుషులు అక్షరాస్యులు కాగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 74.88 శాతం. మహిళల విషయంలో మాత్రం జార్ఖండ్ 55.42 శాతంతో ఆంధ్రప్రదేశ్ సాధించిన 59.15 శాతం కంటే వెనుకబడింది.

జిల్లాల స్థాయిలో తేడా మరింత స్పష్టం. గోవింద్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో 2011లో పురుషుల అక్షరాస్యత 83.75 శాతం. జంషెడ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాల్లో చాలామంది మూలాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వారి పూర్వీకులు ఇక్కడికి వచ్చారు. ఆ జిల్లాల్లో అదే ఏడాది పురుషుల అక్షరాస్యత వరుసగా 71.61, 68.15 శాతం. సాక్చి గ్రామం వద్ద 1907 తర్వాత వెలసిన కర్మాగారం, దాని చుట్టూ పెరిగిన పాఠశాలలు ఒక జిల్లాను ఎంత ముందుకు నడిపించాయో, వలస వచ్చినవారి సొంత ఊళ్లు ఎంత వెనుక ఉండిపోయాయో ఈ పోలిక చెబుతుంది.

అయితే తూర్పు సింగ్‌భూమ్ సగటు కూడా నగరం బరువుతో పైకి లేచిన సగటే. పొరుగున, ఒకప్పుడు ఇదే సింగ్‌భూమ్ జిల్లాలో భాగమైన పశ్చిమ సింగ్‌భూమ్‌లో మొత్తం అక్షరాస్యత 58.63 శాతం. రెండు జిల్లాలూ విడిపోయింది 1990లో.

తెలంగాణలో దీనికి సాటి ఉదాహరణ పాలమూరు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటిలో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55.04 శాతంతో అట్టడుగున ఉంది. పురుషుల్లో అది 65.21 శాతం మాత్రమే. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా 'పాలమూరు లేబర్' ఉంటారన్న పేరు ఈ జిల్లాకు దశాబ్దాలుగా ఉంది. వలస వల్ల పిల్లల చదువు ఆగింది. చదువు లేక ఆ పిల్లలు పెద్దయ్యాక మళ్లీ వలస వెళ్లారు.

రాష్ట్ర విభజన తర్వాతా చిత్రం పెద్దగా మారలేదు. 2023-24 సర్వేలో ఏడేళ్లు దాటినవారి అక్షరాస్యత ఆంధ్రప్రదేశ్‌లో 72.6 శాతం. పెద్ద రాష్ట్రాల్లో ఇదే అత్యల్పం. బిహార్ 74.3, జార్ఖండ్ 76.7, తెలంగాణ 76.9 శాతంతో దానికి పైన ఉన్నాయి.

పథకాల్లో పురుషుడి స్థానం

వయోజన విద్యా పథకాల చరిత్ర పురుషుడితోనే మొదలైంది. మహారాష్ట్రలోని సాతారా జిల్లాలో 1959లో ఆరంభమైన గ్రామ శిక్షణ్ మొహిమ్ ఊరును ఒక యూనిట్‌గా తీసుకుని చదువు చెప్పే ప్రయత్నం చేసింది. 1965 సెప్టెంబరులో టెహ్రాన్‌లో జరిగిన విద్యా మంత్రుల ప్రపంచ సదస్సు, చదువును జీవనోపాధితో ముడిపెట్టాలన్న భావనకు ఊపునిచ్చింది. ఆ సదస్సు ప్రారంభమైన సెప్టెంబరు 8నే అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవంగా పాటిస్తున్నారు. ఆ భావన ప్రభావంతో 1967-68లో మన దేశంలో రైతుల క్రియాత్మక అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. వ్యవసాయ, విద్య, సమాచార-ప్రసార శాఖలు కలిసి నడిపిన ఈ పథకం అధిక దిగుబడి వంగడాలు సాగుచేసే రైతును దృష్టిలో పెట్టుకుంది. ఎరువు బస్తా మీది రాత చదవగలగడం, మోతాదు లెక్కగట్టగలగడం దాని ఉద్దేశాలు.

1978 అక్టోబరు 2న ప్రారంభమైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 15–35 ఏళ్ల మధ్య వయసున్న 10 కోట్ల మందిని లక్ష్యంగా పెట్టుకుంది. 1988 మే 5న జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడింది. కేరళలోని ఎర్నాకుళం జిల్లా 1990 ఫిబ్రవరిలో సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్లు ప్రకటించడంతో అదే నమూనాలో దేశమంతటా సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాలు మొదలయ్యాయి.

తెలుగునాట ఆ ఉద్యమం నెల్లూరు జిల్లాలో చరిత్ర సృష్టించింది. 1990ల ఆరంభంలో రాత్రి బడుల్లో ఓనమాలు దిద్దిన గ్రామీణ మహిళలు సారా దుకాణాలను మూయించే పోరాటానికి నడుం బిగించారు. దూబగుంట గ్రామం ఆ పోరాటానికి చిరునామా అయింది. ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. వయోజన విద్య సమాజాన్ని కదిలించగలదనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అరుదు. ఆ కథకు మరో పార్శ్వం ఉంది. భార్యలు రాత్రి బడికి వెళ్లి పలక పట్టిన వేళ, ఆ ఇళ్లలోని మగవారిలో అనేకులు సారా దుకాణం వద్ద ఉన్నారు. చదువు ఇంట్లోకి వచ్చింది కాని ఇంటిల్లిపాదికీ రాలేదు.

2009 సెప్టెంబరు 8న ప్రారంభమైన సాక్షర భారత్, మహిళల వెనుకబాటును సరిదిద్దడాన్ని ప్రధాన ధ్యేయంగా చేసుకుంది. 7 కోట్ల మందిని అక్షరాస్యులను చేయాలన్న లక్ష్యంలో 6 కోట్లు మహిళలకు, ఒక కోటి పురుషులకు కేటాయించింది. మహిళల అక్షరాస్యత ఎంత తక్కువగా ఉందో చూస్తే ఆ ప్రాధాన్యం న్యాయమైనదే. అయితే వయోజన నిరక్షరాస్యుల్లో మూడో వంతుకు పైగా ఉన్న పురుషులకు లక్ష్యంలో దక్కింది ఏడో వంతు. 2018 మార్చి 31తో ఈ పథకం ముగిసేనాటికి 7.64 కోట్ల మంది ధ్రువపత్రాలు పొందారు.

రాత్రి బడికి ఎందుకు రాలేరు?

మొదటి కారణం సమయం. వ్యవసాయ కుటుంబంలోని పురుషుడికి పంట కాలంలో సాయంత్రం తీరిక ఉండదు. పారిశ్రామిక ప్రాంతాల పొరుగున ఉండేవారికి వారం వారం మారే షిఫ్టులు మరో అడ్డంకి. ఈ వారం సాయంత్రం ఆరుకు ఖాళీగా ఉన్న కార్మికుడు వచ్చే వారం అదే సమయంలో యంత్రం ముందు నిలబడి ఉంటాడు. నిర్ణీత వేళకు తెరిచే కేంద్రం అతనికి సగం రోజులు మూసి ఉన్నట్లే. ఒప్పంద కూలీకి పని ఎప్పుడు దొరుకుతుందో కూడా ముందుగా తెలియదు.

రెండోది వలస. తరగతి గ్రామంలో జరుగుతుంది, విద్యార్థి ఇటుక బట్టీలోనో, భవన నిర్మాణ స్థలంలోనో ఉంటాడు. పేరు సొంత ఊరి జాబితాలో ఉంటుంది కనుక పనిచేసే చోట అతన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తిరిగి వచ్చేసరికి పాఠాలు ముగుస్తాయి.

మూడోది అభిమానం. మహిళలకు పొదుపు సంఘాల రూపంలో ఒకచోట కూర్చుని నేర్చుకునే వేదిక ఏర్పడింది. పురుషులకు అటువంటి వేదిక లేదు. రచ్చబండ దగ్గర పెద్దమనిషిగా చెలామణి అవుతున్న వ్యక్తి, తన కొడుకు ఈడు స్వచ్ఛంద కార్యకర్త ముందు 'అ' దిద్దడానికి సంకోచిస్తాడు. అందుకు బదులు చదువు రాని విషయాన్ని దాచుకునే ఉపాయాలు నేర్చుకుంటాడు. కళ్లజోడు మరచిపోయానంటాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి పిల్లలతో చదివించుకుంటాడు. సెల్‌ఫోన్‌లో మాట రూపంలో సందేశాలు పంపే సౌకర్యం, చెల్లింపు జరగగానే దుకాణంలో మోగే పెట్టె ఈ దాపరికాన్ని మరింత సులభం చేశాయి. ఆధార్ అనుసంధానం తర్వాత రేషన్ దుకాణంలో చదువు వచ్చినవారూ రానివారూ వేలిముద్రే వేస్తున్నారు. ఒకప్పుడు నిరక్షరాస్యతను బయటపెట్టిన గుర్తు ఇప్పుడు దాన్ని కప్పిపుచ్చుతోంది.

నాలుగోది భాష. తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో హిందీ, బెంగాలీ, సంతాలీ, హో, ఒడియా మాట్లాడేవారు పక్కపక్కనే నివసిస్తారు. ఇంట్లో సంతాలీ, బజారులో బెంగాలీ, పనిచోట హిందీ మాట్లాడే వ్యక్తికి వాచకం హిందీలో వస్తే అతడు ఒకేసారి రెండు పనులు చేయాల్సి వస్తుంది: లిపి నేర్చుకోవడం, అంతగా పట్టులేని భాషలో దాన్ని అన్వయించుకోవడం. సంతాలీ కోసం పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికీ లిపిని రూపొందించారు. 30 అక్షరాలున్న ఈ లిపిలో గుణింతాలు లేవు, అచ్చులను కూడా విడి అక్షరాలుగానే రాస్తారు. 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో సంతాలీకి చోటు దక్కింది. జనగణన నిర్వచనంలో 'ఏదైనా ఒక భాష' అన్న మాట ఉన్నందున ఓల్ చికీలో చదవగలిగి, రాయగలిగినవాడూ అక్షరాస్యుడే. అయితే కర్మాగారం ప్రమాద హెచ్చరికలు, బ్యాంకు ఫారాలు ఆ లిపిలో ఉండవు.

తెలుగు నేర్చుకునే వయోజనుడికి మరో రకం భారం. అక్షరాల తర్వాత గుణింతాలు, ఆపైన ఒత్తులు దాటితే తప్ప పత్రికలో ఒక వాక్యం చదవలేడు. ఆ లోపే చాలామంది తరగతి మానేస్తారు. ఈ సమస్యకు పరిష్కారంగా టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎఫ్.సి. కోహ్లీ చొరవతో కంప్యూటర్ ఆధారిత బోధన రూపొందింది. 2000లో ఉమ్మడి మెదక్ జిల్లాలో తెలుగులోనే దాన్ని మొదట ప్రయోగించారు. అక్షరమాలతో కాకుండా, నేర్చుకునేవారికి ఇదివరకే తెలిసిన పదాలతో మొదలుపెట్టి, సుమారు 40 గంటల్లో పత్రిక చదివే స్థాయికి తీసుకురావడం ఆ పద్ధతి లక్ష్యం. రాయడం కంటే చదవడానికే ప్రాధాన్యమివ్వడం దాని బలం. జనగణన నిర్వచనంతో చూస్తే అదే దాని పరిమితి.

చదువు రాకపోతే పోయేదేమిటి?

భారత రాజ్యాంగం ఓటు హక్కుకు చదువును షరతుగా పెట్టలేదు. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల్లోనే పార్టీలకు గుర్తులు కేటాయించి నిరక్షరాస్యులకు ఓటు వేసే వీలు కల్పించారు. అయితే పోటీ చేసే హక్కు విషయంలో ఇటీవల పరిస్థితి మారింది. హర్యానా ప్రభుత్వం 2015లో పంచాయతీ అభ్యర్థులకు కనీస విద్యార్హతలు విధించింది. సాధారణ వర్గ పురుషులకు పదో తరగతి, మహిళలకు, షెడ్యూల్డ్ కులాల పురుషులకు ఎనిమిదో తరగతి తప్పనిసరి చేసింది. రాజ్‌బాలా కేసులో సుప్రీంకోర్టు 2015 డిసెంబరు 10న ఆ చట్టాన్ని సమర్థించింది. రాజస్థాన్ ఇటువంటి నిబంధననే తెచ్చి, 2019లో ఉపసంహరించుకుంది.

ఉపాధి విషయంలో వాహన చోదకుల ఉదాహరణ ప్రసిద్ధం. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రవాణా వాహనం నడపడానికి లైసెన్సు పొందాలంటే కనీసం ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత ఉండాలి. గ్రామీణ ప్రాంతాల్లో నైపుణ్యం ఉన్నా చదువు లేని పురుషులకు ఇది అడ్డంకిగా మారిందన్న వాదనతో కేంద్రం 2019లో ఆ నిబంధనను తొలగించింది. అదే ఏడాది రాజస్థాన్ హైకోర్టు, రహదారి సూచికలు చదవలేని చోదకుడు పాదచారులకు ప్రమాదకరమని వ్యాఖ్యానించింది. రెండు వాదనలూ ఒకే వ్యక్తి గురించినవి. ఒకటి అతని జీవనోపాధిని, మరొకటి అతని ఎదుట నడిచేవారి ప్రాణాన్ని ప్రస్తావించింది. అతనికి చదవడం నేర్పడం ఎవరి బాధ్యత అన్న ప్రశ్న రెండింటికీ వెలుపలే ఉండిపోయింది.

కార్మిక చట్టాలు చాలావరకు కార్మికుడు చదవగలడన్న ఊహతోనే రూపొందాయి. కర్మాగారంలో నోటీసులను ఇంగ్లిషుతో పాటు, ఎక్కువ మంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ప్రదర్శించాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నిర్దేశించింది. అంతర్రాష్ట్ర వలస కార్మికుడికి ఫొటోతో కూడిన పాసు పుస్తకం ఇవ్వాలని, అందులో పనికాలం, వేతనం వివరాలను హిందీ, ఇంగ్లిషుతో పాటు అతని భాషలోనూ రాయాలని 1979 చట్టం పేర్కొంది. భాష వరకు చట్టం ఆలోచించింది. ఆ భాషలో రాసి ఉన్నదాన్ని చదవలేనివాడికి మాత్రం ఆ పుస్తకం రక్షణ కాలేదు. మేస్త్రీ చెప్పిందే లెక్క అయింది.

ఉల్లాస్ ఏం చేస్తోంది?

సాక్షర భారత్ ముగిసిన తర్వాత, 57 లక్షల మంది లక్ష్యంతో 'పఢ్‌నా లిఖ్‌నా అభియాన్' అనే పరిమిత పథకం 2020-21లో వచ్చింది. పూర్తిస్థాయి కార్యక్రమంగా 2022-23 ఆర్థిక సంవత్సరంలో నవ భారత్ సాక్షరతా కార్యక్రమం మొదలైంది. దీన్నే ఇప్పుడు 'ఉల్లాస్' పేరుతో పిలుస్తున్నారు. ఐదేళ్లకు మొత్తం వ్యయం రూ.1,037.90 కోట్లు. ఇందులో కేంద్రం వాటా రూ.700 కోట్లు, రాష్ట్రాలది రూ.337.90 కోట్లు. ఏడాదికి కోటి మంది చొప్పున 5 కోట్ల మందికి చదువు చెప్పడం లక్ష్యం. ఈ అంకెలను భాగిస్తే ఒక్కొక్కరికి సగటున సుమారు రూ.208 వస్తుంది.

గతంలో ఈ పథకాల్లో 15–35 ఏళ్లవారికే ప్రాధాన్యం ఉండేది. ఉల్లాస్ 15 ఏళ్లు దాటిన అందరికీ వర్తిస్తుంది. బోధించేవారు స్వచ్ఛంద కార్యకర్తలు. నేర్చుకున్నవారికి 150 మార్కుల పరీక్ష నిర్వహిస్తారు. చదవడం, రాయడం, లెక్కలకు చెరి 50 మార్కులు. ఇంట్లో ఒకరు చెప్పిన సమాధానంపై ఆధారపడే జనగణనకు, ఈ పరీక్షకు మౌలికమైన తేడా ఉంది. ఇక్కడ నేర్చుకున్న వ్యక్తే స్వయంగా రాయాలి. 95 శాతం అక్షరాస్యత సాధించిన ప్రాంతాన్ని సంపూర్ణ అక్షరాస్యత పొందినదిగా పరిగణిస్తున్నారు. లద్దాఖ్ 2024 జూన్‌లో, మిజోరం, గోవా, త్రిపుర 2025లో ఆ ప్రకటన చేశాయి.

పథకం పత్రాల్లో దేశంలో ఇంకా 18.12 కోట్ల మంది వయోజన నిరక్షరాస్యులు ఉన్నారని పేర్కొన్నారు. ఇది కొత్తగా లెక్కించిన సంఖ్య కాదు. 2011 నాటి 25.76 కోట్ల నుంచి సాక్షర భారత్ ధ్రువపత్రాలు పొందిన 7.64 కోట్ల మందిని తీసివేయగా మిగిలింది. మధ్యలో కన్నుమూసిన వృద్ధులు, ధ్రువపత్రం వచ్చాక అక్షరాలు మరచిపోయినవారు ఈ తీసివేతలో కనిపించరు. సాధన లేకపోతే వయోజనులు నేర్చుకున్నది త్వరగా మరచిపోతారన్నది దేశంలోని ప్రతి అక్షరాస్యతా ఉద్యమానికీ అనుభవమే. ప్రపంచవ్యాప్తంగా 2024లో కనీస అక్షరజ్ఞానం లేని వయోజనులు 73.9 కోట్ల మంది ఉన్నారని, వారిలో దాదాపు మూడింట రెండు వంతులు మహిళలని యునెస్కో అంచనా. భారత్‌లోని నిష్పత్తి కూడా ఇంచుమించు ఇదే.

రానున్న లెక్క

తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా నిర్ణయించారు. ఉల్లాస్ ఐదేళ్ల గడువు కూడా అదే నెలాఖరుతో ముగుస్తుంది. 2011 తర్వాత తొలిసారిగా జిల్లా, గ్రామ స్థాయిల్లో పురుషుల, మహిళల అక్షరాస్యత ఎంత మారిందో ఆ జనగణన చెబుతుంది. అప్పటికి ఇంకెన్ని పంచాయతీలు జనగణన పట్టణాలుగా మారాయో కూడా తేలుతుంది.

గ్రామీణ పురుషుల్లో మిగిలిన నిరక్షరాస్యులను చేరుకోవడానికి కొత్త సిద్ధాంతాలు అవసరం లేదని గత ఆరు దశాబ్దాల అనుభవం సూచిస్తోంది. పాఠం షిఫ్టుకు అనుగుణంగా ఉండాలి. పని చేసే చోటనే తరగతి జరగాలి. నేర్చుకునేవాడి భాషలో మొదలై, అతను పనిచేసే భాషలోకి సాగాలి. ధ్రువపత్రం తర్వాత కూడా చదవడానికి ఏదో ఒకటి అందుబాటులో ఉండాలి. 1967లో రైతుకు ఎరువు బస్తాతో చదువు చెప్పాలనుకున్న ఆలోచన కర్మాగారం గేటు పాసుకు, వేతన చీటీకి, లైసెన్సు ఫారానికి కూడా వర్తిస్తుంది.

గణకుడు గోవింద్‌పూర్‌లో ఒక తలుపు తట్టినప్పుడు అడిగే ప్రశ్న మాత్రం మారదు: చదవడం, రాయడం వచ్చా? ఆ ఇంటి పెద్ద చెప్పే సమాధానం ఈసారి పట్టణ జాబితాలో నమోదవుతుంది. అది నిజమో కాదో ఆ గడపకు మాత్రమే తెలుస్తుంది.